వంతెన మీద కావలిగది

ఆ రాతివంతెనకు మంచి పేరు లేదు.

పగలు బాగానే ఉంటుంది. జనం నడుస్తారు, సైకిళ్ళు వెళ్తాయి, కొత్తగా పెళ్ళయినవాళ్ళు పిట్టగోడకు ఆనుకుని ఫొటోలు దిగుతారు. దీపాలు వెలిగాయా... ఇక అంతే. అవతలి ఒడ్డున ఎంత పనున్నా సరే, మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి కొత్త వంతెన మీదుగా వెళ్తారు తప్ప దీని మీద కాలు పెట్టరు.

వంతెనకు సరిగ్గా మధ్యలో చిన్న కావలిగది ఉంది. ఒక తలుపు, ఒక కిటికీ. ఊరి చుట్టూ గోడ ఉన్న కాలంలో, పొద్దుగూకే వేళకు లోపలికి వచ్చేవాళ్ళను అక్కడ లెక్కపెట్టి గేటు మూసేవారట. రాత్రిపూట ఆ కిటికీ ముందు ఎవరు నడిచినా లోపలినుంచి ఒక ఆడగొంతు అడుగుతుందని చెబుతారు —

"ఎంతమంది?"

ఒక్కణ్ణే అన్నా, ఇద్దరం అన్నా, జవాబు మాత్రం ఒకటే.

"కాదు... ఇంకొకరున్నారు."

ఈ పేరు ఆ వంతెనకు ఎలా వచ్చిందో నేను విన్నది విన్నట్టు చెబుతాను. సగం అక్కడి దీపాల మనిషి చెప్పాడు. మిగతా సగం టీచరమ్మే చెప్పింది. ఇద్దరి మాటల్లో ఎక్కడా తేడా రాలేదు.

టీచరమ్మ అన్నది ఉత్త ముద్దుపేరు కాదు. ఆవిడ నిజంగానే పందొమ్మిదేళ్ళు బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పింది. దాంతోపాటే పదకొండేళ్ళుగా ఒక పత్రికకు ప్రతి ఆదివారం పాత ఊళ్ళ మీద వ్యాసం రాస్తోంది. భర్త ఫొటోగ్రాఫర్. ఆవిడ రాతకు బొమ్మలు ఆయనవి, కారు నడిపేదీ ఆయనే. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ముద్దొచ్చినా, విసుగొచ్చినా ఆయన కూడా ఆవిణ్ణి 'టీచరమ్మా' అనే పిలుస్తాడు.

ఈసారి ప్రయాణం పత్రిక కోసం కాదు, పుస్తకం కోసం. పది చిన్న ఊళ్ళు, పది అధ్యాయాలు, అట్ట మీద తన పేరు. ఆదివారం పత్రిక సోమవారానికి పొట్లం కాగితమైపోతుంది, పుస్తకం అలా పోదు కదా అని ఆవిడ బడి ఉద్యోగం రెండేళ్ళు ముందుగానే వదిలేసింది. ఇప్పుడు ఆవిడకు తనది అని చెప్పుకోవడానికి ఉన్నది ఈ ఒక్క పుస్తకమే.

"ఈసారి పరుగులొద్దు," అన్నాడు ఫొటోగ్రాఫర్ బయల్దేరే ముందే. "ఒక్కో ఊళ్ళో మూడేసి రాత్రులుందాం. నిదానంగా చూద్దాం. మనల్ని తరిమేవాళ్ళెవరు?"

పూర్వం టీ తాగడానికి కారు ఆపమన్నా గొణిగే మనిషి. అలాంటిది ఈసారి రోడ్డు పక్కన కాస్త నీడ కనిపిస్తే చాలు, ఆపేస్తున్నాడు. సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుంటున్నాడు. టీచరమ్మ మురిసిపోయింది. యాభై దాటాక మగవాళ్ళు మెత్తబడతారంటే ఏమో అనుకున్నాను, నిజమే కాబోలు అనుకుంది.

రాత విషయంలో ఆవిడకు ఒక పట్టింపు ఉంది. ఒక్క మనిషి చెప్పింది రాయదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరి నోట అదే మాట వస్తేనే అది కాగితం మీదికి వెళ్తుంది.

ఇంకో అలవాటు కాస్త వింతది. ఆవిడ ముందుగా రాయదు — చెబుతుంది. రాత్రి పడుకున్నాక, లైటు తీసేశాక, ఆ చీకట్లో మొగుడికి అధ్యాయం మొత్తం కథలా చెబుతుంది. ఆయన ఊ కొడతాడు. ఊ వెంటనే పడిందంటే ఆ వాక్యం ఉంటుంది. ఆలస్యంగా పడిందంటే అక్కడ సాగదీశానని గ్రహించి ఆ ముక్క తీసేస్తుంది. పొద్దున్నే లేచి, రాత్రి చెప్పింది చెప్పినట్టు రాసుకుంటుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఏ వాక్యమైనా ముందు ఆ చీకట్లోని ఊ దాటి వచ్చిందే.

ఆరో ఊళ్ళో గడియారం గోపురానికి నూట పధ్నాలుగు మెట్లు. ఎక్కి దిగేసరికి టీచరమ్మ కుడికాలి చెప్పు తెగింది. చెప్పులు కుట్టేవాడు ఎక్కడా కనబడలేదు. ఒంటికాలి చెప్పుతో టకటకలాడుతూ గదికి వచ్చింది. ఆ ఊళ్ళో అది మొదటి రాత్రి. గోపురం సంగతులు చెప్పడం అయిపోయింది గాని నిద్ర పట్టలేదు. తరువాతి ఊరి కాగితాలు గుర్తొచ్చాయి. వంతెన ఉంది, మధ్యలో కావలిగది ఉంది, కొలతలున్నాయి, కట్టిన సంవత్సరం ఉంది... ఒక్క కథ మాత్రం లేదు.

నాలుగు వందల ఏళ్ళుగా నిలబడ్డ వంతెనకు ఒక్క దెయ్యమన్నా లేకపోతే ఎలా అని జాలిపడింది. మొగుణ్ణి కాస్త హడలగొడదామని కూడా అనిపించింది. అప్పటికప్పుడు ఒక కథ అల్లింది.

"తరువాతి ఊళ్ళో వంతెన మీద కావలిగది ఉంది చూడండి... ఆ కావలివాడు రోజూ సాయంత్రం మనుషుల్ని లెక్కపెట్టి గేటు మూసేవాడట."

"ఊ."

"ఒకరోజు ఏట్లో వరద. వాడి పెళ్ళాం అవతలి ఒడ్డున ఉండిపోయింది. పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది. కుడికాలి చెప్పు ఊడి నీళ్ళలో పడిపోయింది. ఎడమకాలి చెప్పు ఒక్కటే మిగిలింది. 'ఇంకొకరున్నారు... ఇంకొకరున్నారు...' అని అరుస్తోంది."

"ఊ."

"వాడికి వినబడింది. గొంతు కూడా గుర్తుపట్టాడు. అయినా గడియ వేసేశాడు. ఎందుకో చెప్పండి?"

"ఊహూ... తెలీదు."

"గదిలో అప్పటికే ఇంకో ఆడమనిషి ఉంది."

ఈసారి ఊ పడటానికి చాలాసేపు పట్టింది. భయపడ్డాడు, పనైంది అనుకుని టీచరమ్మ దుప్పట్లో నోరు మూసుకుని నవ్వుకుంది. కథ కల్పితమని అప్పుడు చెప్పలేదు. అలాగే నిద్రపోయింది.

చెప్పింది నాలుగోరోజున, ఏడో ఊరికి వెళ్తుండగా, కారులో.

"ఆ వంతెన దెయ్యం ఉంది చూశారూ... అది ఉత్తదే. నేనల్లింది."

ఫొటోగ్రాఫర్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది.

"అల్లావా? మొత్తం?"

"మొత్తం. చెప్పుతో సహా. నా చెప్పు తెగింది కదా, దాని కాలికి తగిలించాను."

కాసేపటికి ఆయన పెట్రోలు బంకు దగ్గర ఆపి, ఫోన్ పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. పది నిమిషాల తరువాత చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "టైర్ల షాపువాడికి చేద్దామంటే సిగ్నలే లేదు," అన్నాడు.

ఏడో ఊళ్ళో లాడ్జి ఏటి ఒడ్డునే ఉంది. యజమాని సన్నగా, చురుగ్గా ఉన్నాడు. తాళంచెవి ఇస్తూ కౌంటరు మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఒక మాట. చీకటి పడ్డాక పాత వంతెన వైపు వెళ్ళకండి."

"ఏం, దొంగల భయమా?"

"దొంగలైతే పోలీసులున్నారు. ఇది వాళ్ళ చేతికి చిక్కేది కాదు." ఆయన అటూ ఇటూ చూశాడు. "కావలిగదిలో ఒక ఆడమనిషి ఉంటుంది. వచ్చేపోయేవాళ్ళని లెక్క అడుగుతుంది. మొగుడు గేటు మూసేస్తే ఏట్లో కొట్టుకుపోయిందట పాపం..."

టీచరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"...ఎడమకాలికే చెప్పుంటుందమ్మా. కుడికాలు ఖాళీ."

పక్కన ఫొటోగ్రాఫర్ కెమెరా సంచి జిప్పు తీస్తున్నాడు, వేస్తున్నాడు.

"ఎవరు చూశారు?" అంది టీచరమ్మ. గొంతు తనది కానట్టు వచ్చింది.

"మా తాతగారు. కళ్ళారా చూశారు. రెండు రోజులపాటు ఆయనకు మాట పడిపోయింది."

ఆవిడ సామాను కూడా పైకి చేర్చకుండా వీధిలోకి నడిచింది. నాలుగు దుకాణాల అవతల టీ కొట్టు. కొట్టులో ఒక లావుపాటి ఆవిడ గ్లాసులు కడుగుతోంది.

"అక్కా, ఈ పాత వంతెన మీద ఏదో ఉందంటున్నారు. నిజమేనా?"

"నిజం కాకపోతే మేమెందుకు చుట్టు తిరిగి పోతామమ్మా? మా పెద్దత్త చూసింది. ఆ రాత్రి నుంచి ఆవిడకు నిద్రలేదు."

"ఏ కాలికి చెప్పుంటుంది?"

"ఎడమకాలికి," అంది టీ కొట్టావిడ, గ్లాసు మీంచి కన్ను తియ్యకుండానే.

రెండు నోళ్ళు, ఒకే మాట. టీచరమ్మ లెక్క ప్రకారం అది నిజం. పదకొండేళ్ళుగా ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

గదికి వచ్చి మంచం మీద కూలబడింది.

"నేనల్లిన కథండీ అది. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ తాత ఎలా చూస్తాడు?"

ఫొటోగ్రాఫర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి తడిగా ఉంది.

"టీచరమ్మా... నువ్వు ఎక్కడో చదివుంటావు. మర్చిపోయుంటావు. పైకి వచ్చేసరికి నీ సొంతమే అనిపించి ఉంటుంది."

"నేను చదివినవి మర్చిపోను."

"మర్చిపోతున్నావు. పోయిన నెలలో తాళాలగుత్తి ఫ్రిజ్‌లో దొరికింది. గ్యాస్ ఆపకుండా బజారుకెళ్ళావు. నేనేమన్నా అన్నానా?" ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. "ఇందులో తప్పేముంది? వయసు. నాకైతే... ఇంకెవరైనా కుర్రవాళ్ళు తోడుంటే నీకు బరువు తగ్గుతుందనిపిస్తోంది. రాసి పెడతారు. నువ్వు చూసి సరిచెయ్యి. అంతే."

"నా పుస్తకమా?"

"మన పుస్తకం," అన్నాడాయన. "ఇప్పుడేమీ ఆలోచించకు. నేను కాసేపు నడుం వాలుస్తాను. పదింటికి లేపు, ఈ ఊరి కథ చెబుదువుగాని."

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

టీచరమ్మ కుర్చీలో కూర్చుని తన ఏడేళ్ళ వయసు నుంచి చదివిన పుస్తకాలన్నీ మనసులో తిరగేసింది. వంతెన... కావలివాడు... ఒంటి చెప్పు... ఎక్కడా తగల్లేదు. తగలకపోవడమే జబ్బేమో. మర్చిపోయిన మనిషికి మర్చిపోయినట్టు ఎలా తెలుస్తుంది?

అప్పుడు ఆవిడకు ఒక విచిత్రమైన కోరిక పుట్టింది. ఆ దెయ్యం నిజంగా ఉంటే బాగుండు. ఉందంటే, అది ఎలాగో తన కలలోకో ఊహలోకో వచ్చి తన కథ చెప్పించుకుందని సరిపెట్టుకోవచ్చు. లేదంటే మాత్రం... పోయింది తన మతే.

తొమ్మిదీ నలభైకి చప్పుడు కాకుండా తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

వంతెన మీద పదకొండు దీపస్తంభాలు. అందులో వెలుగుతున్నవి ఐదు. మిగతా చోట్ల చీకటి ముద్దలు ముద్దలుగా ఉంది. కింద ఏరు కనబడటంలేదు — వినబడుతోంది. ఎవరో గిన్నెలు తోముతున్నట్టు ఒకటే చప్పుడు.

ఒక దీపం దాటింది. రెండోది దాటింది.

కావలిగది దగ్గరపడే కొద్దీ రాళ్ళ మీద ఇంకో చప్పుడు.

టక్...

ఆ తరువాత మెత్తగా, చర్మం రాతికి రాసుకున్నట్టు.

టక్... సర్ర్... టక్...

చెప్పున్న కాలు ఒకటి. లేనిది ఒకటి.

టీచరమ్మకు కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. అయినా ఆగలేదు. చప్పుడు గదిలోకి వెళ్ళి ఆగిపోయింది. కిటికీ ఊచల వెనక ఏదో కదిలింది... సన్నగా, నొక్కిపెట్టినట్టున్న గొంతు —

"ఎంతమంది?"

ఆవిడకు భయంతోపాటు ఏడుపు కూడా వచ్చింది. ఉంది. నిజంగానే ఉంది. తన మతికేమీ కాలేదు.

"ఒక్కదాన్నే," అంది.

జవాబు లేదు.

"ఒక్కదాన్నే వచ్చాను... చెప్పు. ఇంకొకరున్నారని చెప్పు."

లోపల ఏదో ధడేలున కింద పడింది. గాజు పగిలింది. ఆ తరువాత వచ్చిన గొంతు ఆడగొంతు కాదు. ముసలి మగగొంతు, గజగజ వణుకుతోంది.

"ఎవరమ్మా నువ్వు?... నీ గొంతు నాకు తెలుసు."

"నేను ఈ ఊరికి ఇవాళే వచ్చాను."

"అబద్ధం... మొన్న ఇక్కడే, ఈ కిటికీ దగ్గరే మాట్లాడావు. ఈ గది కథంతా చెప్పావు. మనిషి లేదు... గొంతొక్కటే."

టీచరమ్మ ఊచలు పట్టుకుంది. ఇనుము మంచులా ఉంది. ఆ క్షణంలో తను బతికే ఉన్నానా అన్న అనుమానం కూడా వచ్చిందట ఆవిడకు. తరువాత తనే చెప్పింది.

టార్చి వెలుగు మొహం మీద పడింది. కిందికి జారి కాళ్ళ దగ్గర ఆగింది. రెండు కాళ్ళకీ కొత్త చెప్పులున్నాయి.

"మనిషివే," అన్నాడు లోపలివాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. "గుండె ఆగిపోయిందనుకున్నానమ్మా."

అతను దీపాల మనిషి. అరవై దాటాయి. వంతెన మీద దీపాలు వెయ్యడం, ఆర్పడం, మాడిపోయిన బల్బులు మార్చడం అతని ఉద్యోగం. ఎడమకాలికి చెప్పుంది. రెండో చెప్పు గది మూల గోడకు ఆనించి ఉంది.

"ఈ వేషమేమిటి పెద్దాయనా?"

"లాడ్జి ఆయన పనమ్మా. దెయ్యం ఉందంటే ఊరికి నలుగురు వస్తారట. ఒక నెల ఒంటిచెప్పుతో తిరగమన్నాడు." అతను సిగ్గుపడ్డాడు. "ఇప్పటికి మూడు రాత్రులే."

"వాళ్ళ తాత చూశాడన్నాడే?"

"వాళ్ళ తాత ఈ ఊరివాడే కాదు. ముప్ఫై ఏళ్ళుగా నేనిక్కడ ఉన్నాను. పిల్లులు తప్ప ఇంకేమీ చూడలేదు. కథ వచ్చిందే మొన్న."

"ఎవరు తెచ్చారు?"

"ఒకమ్మాయి. బస్సు దిగి వచ్చింది, భుజాన సంచి. పాతికేళ్ళుంటాయేమో. పుస్తకం రాస్తోందట. లాడ్జి ఆయన దారి చూపించడానికి వెంట వచ్చాడు, టీ కొట్టావిడ చూడటానికి వచ్చింది. ఈ గదిలో దెయ్యం ఉందట కదా తాతా అంది. లేదన్నాను. ఉంది, నాకు ఖాయంగా తెలుసు అని ఫోన్ తీసి, అందులో రికార్డు చేసుకున్నది వినిపించింది."

అతను టార్చి ఆర్పాడు.

"నీ గొంతే. నువ్వు చెబుతున్నావు... మధ్యమధ్యలో ఎవరో మగమనిషి ఊ కొడుతున్నాడు."

కింద ఏరు గిన్నెలు తోముతూనే ఉంది.

ఒక నిమిషంపాటు టీచరమ్మకు ఎంత తేలికైపోయిందంటే, నవ్వేసింది. తనకు మతిపోలేదు. కథ తనదే, చెప్పు తనదే. రెండు నోళ్ళలో మాట పోసింది ఒక్క మనిషే, తనే. ఇన్నేళ్ళ లెక్క తప్పించింది తన గొంతే.

ఆ నిమిషం గడిచాక రెండోది అర్థమైంది.

"కథ అయిపోయాక ఏమన్నా వినబడిందా?"

దీపాల మనిషి పగిలిన గాజు ముక్కలను చెప్పుకాలితో పక్కకు నెట్టాడు.

"చెప్పు పెద్దాయనా. ఇది నేను రాసుకోను." పెన్ను తీసి చేతిసంచిలో పడేసింది.

"ఆ అమ్మాయి గబగబా ఆపబోయింది. ఆపేలోపే కాస్త వినబడింది." అతను నేల చూస్తూ చెప్పాడు. "ఆ మగమనిషి గుసగుసగా అన్నాడు... 'నిద్రపోయింది. అంతా విన్నావుగా, రాసేసుకో. ఇంకో నాలుగు ఊళ్ళు ఓపిక పట్టు. తరువాత ఈవిడతో పనిలేదు. మతి సరిగ్గా ఉండటంలేదని పబ్లిషర్‌కి ఎప్పుడో చెప్పి ఉంచాను. అట్ట మీద మన ఇద్దరి పేర్లే ఉంటాయి.'"

"ఆ అమ్మాయి ఏమంది?"

"'సరే సర్, నేను రేపే ముందు వెళ్తాను, మీరు ఆవిణ్ణి నిదానంగా తీసుకురండి' అంది."

నిదానంగా.

చెట్ల నీడలు, వాల్చిన సీట్లు, ఒక్కో ఊళ్ళో మూడేసి రాత్రులు — అన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి మొగుడు తనకోసం తీరిక చేసుకున్నాడనుకుంది. ఆ తీరిక బస్సులో ముందు వెళ్ళేవాళ్ళకోసం.

పుస్తకం పోయిందన్న బాధకంటే ముందు వచ్చిన బాధ ఇంకొకటి. ఆరు ఊళ్ళ పొడుగునా ఆ చీకట్లో తను నమ్మి వాక్యాలు దిద్దుకున్న ఊలు... అవి తనవి కావు. ఫోన్‌లో అవతలి మనిషి రాసుకోగలిగిందా లేదా అని ఆగి, చూసుకుని, పడ్డ ఊలు.

"తోడు రానా అమ్మా?" అన్నాడు దీపాల మనిషి.

"వద్దు."

"మరి... రేపటినుంచి నేను రెండు చెప్పులూ వేసుకోనా?"

టీచరమ్మ ఆలోచించింది. "ఒకటే వేసుకో. కాని ఆ గొంతు బాగాలేదు. అంత నొక్కిపెట్టకు. ఆడవాళ్ళు అలా అడగరు," అంది.

గదికి చేరేసరికి పదీ పది. ఫొటోగ్రాఫర్ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికెళ్ళావు? ఎంత కంగారుపడ్డానో తెలుసా? చెప్పకుండా వెళ్ళిపోతే ఎలా? ఇందుకే అంటున్నాను నీకు..."

"గాలి కోసం వెళ్ళాను."

ఆయన ఆవిడ మొహం చూశాడు. ఏమీ కనబడలేదు. పందొమ్మిదేళ్ళు క్లాసులో నిలబడ్డ మొహం అది.

"ఇవాళ చెబుతావా? అలిసిపోతే వద్దులే."

"చెబుతాను. లైటు తీసేయండి."

గది చీకటైంది. మంచం కిర్రుమంది. ఆయన వైపునుంచి దిండు కింద ఏదో పెట్టిన చిన్న చప్పుడు. ఆరు ఊళ్ళుగా ఆ చప్పుడు వింటూనే ఉంది. కళ్ళజోడనుకుంది.

"ఒక మొగుడూ పెళ్ళాం," అని మొదలుపెట్టింది టీచరమ్మ. "కారులో పాత ఊళ్ళు చూడటానికి బయల్దేరారు. తొందరేమీ లేదు. ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ మొగుడు కారు ఆపుతున్నాడు."

"ఊ." ఆ ఊలో నవ్వుంది.

"పెళ్ళానికి ఎంత సంతోషమో. ఎందుకు ఆపుతున్నాడో దానికి తెలియదు."

"...ఊ."

"వాళ్ళకంటే ఒక ఊరు ముందు ఒకమ్మాయి వెళ్తోంది. బస్సులో. భుజాన సంచి."

ఊ పడలేదు.

తలుపు అవతల వరండాలో ఎవరో నడిచి వెళ్ళారు. అడుగులు దూరమయ్యాయి. టీచరమ్మ గొంతు మారలేదు, పెరగలేదు, తగ్గలేదు.

"ఆ అమ్మాయి మంచిదే. కష్టపడుతుంది. రాత్రిళ్ళు నిద్ర మానుకుని వింటుంది, పొద్దున్నే లేచి రాస్తుంది. పెళ్ళాం చెప్పినవన్నీ నిజాలే గనుక ఆరు ఊళ్ళదాకా ఆ అమ్మాయి రాసినవీ నిజాలే అయ్యాయి. ఏడో ఊళ్ళో ఒక్కటి అబద్ధం పడింది. దాన్ని పట్టుకుని ముందుగా వెళ్ళి ఊరంతా వినిపించింది... పెళ్ళాం గొంతుతో. గొంతు తరువాత మొగుడి గుసగుస కూడా ఉంది."

"టీచరమ్మా..."

దుప్పటి కదిలింది. ఆయన చెయ్యి గబుక్కున దిండు కిందికి వెళ్ళబోయింది. అప్పటికే దిండు మీద ఆవిడ అరచెయ్యి ఉంది — బరువుగా, కదలకుండా.

"నేను చెప్పేది విను, నువ్వనుకుంటున్నట్టు కాదు..."

"మీరు కాసేపు ఆగండి. ఇవాళ మీ ఊ నాకక్కర్లేదు."

ఆవిడ పక్కకు వంగింది. వెనక బెంచీలో భయంగా కూర్చున్న పిల్లను పలకరించినట్టు, మెల్లగా, ఏ కోపమూ లేకుండా దిండుతో అంది —

"ఏమ్మా... ఇక్కడిదాకా బాగుందా?"

చీకటి. ఇద్దరి ఊపిరి. ఇంకేమీ లేదు.

చాలాసేపటికి... దిండు కిందనుంచి, దూదిలో కప్పినట్టు, ఒక ఆడపిల్ల గొంతు సన్నగా పలికింది.

"...ఊ."

టీచరమ్మ లేచి లైటు వేసింది.